అబ్బా ఆర్‌ఎక్స్ 100 బాగు చేయిస్తున్నారా? ముందు కాగితాలు, తర్వాతే ఇంజిన్

గోదావరి జిల్లాల్లో ఏ ఊరికెళ్లినా ఒకటో రెండో ఇళ్ల వసారాలో గోనెపట్టా కప్పిన పాత బండి కనపడుతుంది. చాలాసార్లు అది యమహా ఆర్‌ఎక్స్ 100 అయి ఉంటుంది. అబ్బా కొన్నదో, దాదా కొన్నదో. తుక్కు వాడికి తూకానికి ఇచ్చేద్దామనుకున్న ఆ బండికే ఇప్పుడు గిరాకీ. బాగు చేయించి నడుపుతామని కొడుకులు పట్టుబడతారు. పాత ఇనుముకి ఇంత డబ్బేంటని అమ్మీలు అడుగుతారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. బండి నిలబడితే ఆస్తి, నిలబడకపోతే గుదిబండ. ఏదవుతుందో తేల్చేది ఇంజిన్ ఒక్కటే కాదు. కాగితాలు, వారసత్వం, పెట్రోలు, చట్టం, ఇంటి బడ్జెట్టు... అన్నీ కలిపి చూసుకోవాలి.

ఈ జపాన్ బండ్లు మన దాకా ఎలా వచ్చాయి

1980ల్లో ప్రభుత్వం విదేశీ కంపెనీలతో కలిసి టూవీలర్లు తయారు చేసుకోవడానికి దారి తెరిచింది. అప్పటిదాకా మన రోడ్ల మీద బుల్లెట్, రాజ్‌దూత్, యెజ్డీ, బజాజ్, లాంబ్రెటా స్కూటర్లే. వరసగా నాలుగు జపాన్ కంపెనీలు వచ్చాయి. 1984లో టీవీఎస్‌తో కలిసి సుజుకి 'ఇండ్ సుజుకి' తెచ్చింది. 1985లో హీరోతో కలిసి హోండా 'సీడీ 100' తెచ్చింది. అదే ఏడాది ఎస్కార్ట్స్ కంపెనీ యమహా ఆర్‌ఎక్స్ 100 దించింది. ఆ వెంటనే బజాజ్‌తో కవాసాకి వచ్చింది.

వీటికన్నా ముందే, 1983లో ఎస్కార్ట్స్ 'రాజ్‌దూత్ 350' అమ్మింది. అది యమహా ఆర్‌డీ 350కి మన దేశపు రూపం. రెండు సిలిండర్లు, 347 సీసీ, ఆరు గేర్లు. జపాన్ బండికి ముందు డిస్కు బ్రేకు ఉంటే, మన దగ్గర డ్రమ్ము బ్రేకు పెట్టారు. వేగం ఎక్కువ, ఆగడం తక్కువ, పెట్రోలు తాగడం ఇంకా ఎక్కువ. అందుకే ఎక్కువ కాలం నిలవలేదు. ఇప్పుడు దాని సామాన్లు దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. మొదటిసారి పాత బండి బాగు చేయించేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఆర్‌ఎక్స్ 100 సంగతి వేరు. 98 సీసీ, 11 హార్స్‌పవర్, నాలుగు గేర్లు, బరువు వంద కిలోల చిల్లర. అదే కాలపు సీడీ 100 శక్తి ఏడు హార్స్‌పవర్ చుట్టుపక్కలే. బరువు తక్కువ, శక్తి ఎక్కువ కాబట్టి కాలవ గట్ల మీద, ఏటిగట్టు ఎక్కుడు దారుల్లో ఇట్టే లాగేసేది. 1996లో పొగ నిబంధనలు బిగియడంతో దాని తయారీ ఆగిపోయింది. ఆర్‌ఎక్స్‌జీ, ఆర్‌ఎక్స్ 135 దాని తర్వాత వచ్చినవి. 2018లో వచ్చిన 'ఆర్‌ఎక్స్ 100' సినిమా కథ జరిగేది మన ఆత్రేయపురంలోనే. బండి ఆగిపోయేనాటికి పుట్టని కుర్రాళ్లకి కూడా ఆ పేరు తెలిసింది.

టూ స్ట్రోక్ అంటే ఏంటి, పొగ ఎందుకు

ఇప్పటి బండ్లన్నీ ఫోర్ స్ట్రోక్. వాటిలో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి పెట్రోలు మండుతుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ మండుతుంది. అందుకే చిన్న ఇంజిన్‌కీ అంత ఊపు.

దానికి మూల్యం కూడా ఉంది. టూ స్ట్రోక్‌లో ఇంజిన్ ఆయిల్ విడిగా అడుగున నిలవ ఉండదు. 2టీ ఆయిల్ పెట్రోలుతో కలిసి లోపలికి వెళ్లి, పిస్టన్‌కి తడి ఇచ్చి, కాలిపోయి బయటికి పోతుంది. నీలం పొగ అదే. కొత్త పెట్రోలు లోపలికి వచ్చే సమయానికి పొగ దారి కూడా తెరిచే ఉంటుంది కాబట్టి కొంత పెట్రోలు మండకుండానే సైలెన్సర్‌లోకి జారిపోతుంది.

ఇక్కడే సైలెన్సర్ పని తెలుసుకోవాలి. టూ స్ట్రోక్ సైలెన్సర్ ఉత్త గొట్టం కాదు. లోపలి ఆకారాన్ని బట్టి ఒత్తిడి అల వెనక్కి తిరిగొచ్చి, జారిపోబోతున్న పెట్రోలుని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. అంటే అది ఇంజిన్‌లో ఒక భాగం. దాన్ని కోసేసినా, లోపలి గొట్టం పీకేసినా మోత పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. సౌండ్ పెరిగితే పవర్ పెరిగిందనుకోవడం ఉత్త భ్రమ.

పదిహేనేళ్లు దాటితే తుక్కేనా?

కాదు. ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న నిషేధాన్ని చూసి చాలామంది ఇక్కడ కూడా అంతే అనుకుంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి నిషేధం లేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్‌కి బండి చూపించి, ఫారం 25 పెట్టి, ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు.

ఫీజు మాత్రం పెరిగింది. 2022 ఏప్రిల్ నుంచి పాత మోటార్ సైకిల్ రెన్యువల్ ఫీజు 300 నుంచి 1,000 రూపాయలైంది. 2025 ఆగస్టు నోటిఫికేషన్‌తో 20 ఏళ్లు దాటిన మోటార్ సైకిల్‌కి 2,000 చేశారు. ఆర్‌ఎక్స్ 100లన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. గడువు దాటితే ప్రతి నెలకీ 300 చొప్పున అదనం. మూడేళ్లు వదిలేస్తే 36 నెలలకి 10,800. దీనికి హరిత పన్ను, పాత చలానాలు కలుస్తాయి. అందుకే మెకానిక్‌కి అడ్వాన్సు ఇవ్వకముందే బండి నంబరు పెట్టి మొత్తం బాకీ ఎంతో రవాణా కార్యాలయంలో చూసుకోవాలి.

'వింటేజ్' హోదా గురించి కూడా ఒక అపోహ ఉంది. 2021 జులై నిబంధనల ప్రకారం అది 50 ఏళ్లు దాటిన, అసలు రూపం మారని బండ్లకే. 1985లో వచ్చిన మొదటి ఆర్‌ఎక్స్ 100కి కూడా 2035 దాకా ఆ అర్హత రాదు. వచ్చినా ప్రదర్శనలకీ ర్యాలీలకీ తప్ప రోజూ బజారుకి తిప్పడానికి కుదరదు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి

ఇంట్లో లేక బయట కొంటుంటే జాగ్రత్త రెట్టింపు కావాలి. గిరాకీ ఉన్నచోట మోసం కూడా ఉంటుంది.

మొదటిది నంబర్లు. చాసిస్ మీద, ఇంజిన్ మీద ఉన్న నంబర్లు ఆర్‌సీలో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అంకెల చుట్టూ రాపిడి గుర్తులు, కొత్త వెల్డింగు కనపడితే వెనక్కి వచ్చేయండి. ఒక బండి ఆర్‌సీకి ఇంకో బండి చాసిస్ తగిలించి అమ్మేవాళ్లు ఉన్నారు. దొంగ బండి అని తేలితే డబ్బూ పోతుంది, కేసూ మిగులుతుంది.

రెండోది పేరు. ఏపీ 05 అయినా, ఏపీ 37 అయినా ఆర్‌సీలో పేరున్న మనిషే సంతకం పెట్టాలి. మధ్యలో నలుగురు చేతులు మారి, కాగితం మొదటి యజమాని పేరు మీదే ఉంటే ఆయన్ని వెతికి పట్టుకోవాల్సిందే. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక అమ్మినాయన 14 రోజుల్లో, కొన్నాయన 30 రోజుల్లో తెలియజేయాలి. హైదరాబాద్‌లో కొని తెస్తే, 2014 తర్వాత అది వేరే రాష్ట్రం. అక్కడి రవాణా శాఖ ఎన్‌వోసీ లేకుండా ఇక్కడ పేరు మారదు.

మూడోది పాత ఫైనాన్సు. ముప్ఫై ఏళ్ల కింద వాయిదాల మీద కొన్న బండ్లకి ఆర్‌సీలో ఫైనాన్సు కంపెనీ పేరు ఇప్పటికీ ఉండిపోతుంది. ఆ కంపెనీ మూతపడి ఉంటే దాన్ని తీయించడం పెద్ద పని. ఆ పని అమ్మేవాళ్ల చేత చేయించాకే డబ్బు ఇవ్వాలి.

బండి అబ్బా పేరు మీదే ఉంటే

అబ్బా బతికుండగా ఒక కొడుక్కి ఇవ్వాలనుకుంటే సులువు. ఫారాల మీద సంతకం పెట్టి, బండి అప్పజెప్పేస్తే సరిపోతుంది. షరియత్ ప్రకారం కూడా హిబా అంటే మాటతో అయిపోదు, వస్తువు చేతికివ్వాలి.

ఆయన ఇంతకాలానికి అల్లాహ్ సన్నిధికి చేరుకుంటే పద్ధతి మారుతుంది. చనిపోయిన 30 రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31 పెట్టుకోవాలి. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, మిగతా వారసుల అంగీకారం కావాలి. ఆలస్యమైనా దారి మూసుకుపోదు, కాకపోతే తిరగడం ఎక్కువ.

ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. పాత బండే కదా అని పెద్దకొడుకు తీసుకుపోతాడు. బాగు చేయించాక దానికి మంచి ధర పలికేసరికి తమ్ముళ్ల మనసులో, చెల్లెళ్ల మనసులో కలుక్కుమంటుంది. బండి కూడా తర్కాలో భాగమే. దఫన్ ఖర్చులు, అప్పులు, వసియత్ ఉంటే అదీ తీర్చాక మిగిలినదంతా వారసులదే. ఉదాహరణకి బండి ఉన్నదున్నట్టుగా 80,000 విలువ చేస్తుందనుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. భార్యకి ఎనిమిదో వంతు, అంటే 10,000. మిగిలిన 70,000 ఐదు భాగాలు చేస్తే భాగానికి 14,000. కొడుకులకి చెరి 28,000, కూతురికి 14,000. అబ్బా తల్లిదండ్రులు బతికుంటే వాళ్లకీ వాటా ఉంటుంది, లెక్క మారుతుంది. అలాంటప్పుడు తెలిసిన ఆలింని అడగాలి.

ఒకరే ఉంచుకోవాలనుకుంటే బాగు చేయించకముందే వెల కట్టి, మిగతావాళ్ల వాటా ఇచ్చేయాలి. లేదా వాళ్లు ఇష్టంగా వదులుకోవాలి. కూతుళ్లని అడక్కుండా సంతకం తీసుకోవడం ఇష్టంగా వదులుకోవడం కిందకి రాదు.

డెల్టా తేమ, ఉప్పు గాలి, ఇంజిన్ పని

మన ప్రాంతంలో పాత బండికి మొదటి శత్రువు తుప్పు. కోనసీమలో ఏడాదిలో సగం రోజులు నేల తడిగానే ఉంటుంది. నరసాపురం, అంతర్వేది వైపు సముద్రపు గాలి. భీమవరం చుట్టూ రొయ్యల చెరువులు. వరదకి ఒకసారి మునిగిన బండి అయితే బయటికి మెరుస్తున్నా లోపల బేరింగులు పట్టేసి ఉంటాయి.

అందుకే రంగుతో మొదలుపెట్టకూడదు. పెయింట్ చివరి పని. వరస ఇలా ఉండాలి.

ముందు బండి మొత్తం విప్పి, చాసిస్ పగుళ్లు, తుప్పు చూడాలి. పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పొరలు ఉంటే శుభ్రం చేయించాలి. అది వదిలేస్తే కొత్త కార్బురేటర్ కూడా వారంలో మూసుకుపోతుంది.

తర్వాత ఇంజిన్. సిలిండర్ అరిగిపోతే బోర్ చేయించి, పెద్ద సైజు పిస్టన్, రింగులు వేస్తారు. ఇది పావు మిల్లీమీటరు చొప్పున కొన్నిసార్లే కుదురుతుంది. ఇప్పటికే ఎన్ని బోర్లు అయ్యాయో అడగాలి. క్రాంకు బేరింగులు, కనెక్టింగ్ రాడ్, రెండు వైపులా ఆయిల్ సీళ్లు తప్పక చూడాలి. సీలు లీకైతే గాలి లోపలికి పోయి, మిశ్రమంలో పెట్రోలు తగ్గి, పిస్టన్ పట్టేస్తుంది. పోతున్న బండి చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటే మనిషి కింద పడటమే. ఇరవై రూపాయల సీలు దగ్గర పిసినారితనం పనికిరాదు.

ఆ తర్వాత బ్రేకులు, టైర్లు, చైను, వైరింగు. చివరికి నికెల్ పని, రంగు. ఒక పని అయినట్టు చూశాక తర్వాతి దానికి డబ్బు ఇస్తే ఉస్తాద్‌తో పేచీ రాదు. మార్చిన పాత సామాన్లు వెనక్కి అడిగి తీసుకోండి. అసలు యమహా సామాను విలువ అరిగిపోయినా పోదు.

పెట్రోలు, ఆయిల్

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. పాత కార్బురేటర్ బండ్లు దీని కోసం చేసినవి కావు. ఇథనాల్ పాత రబ్బరు పైపులనీ, వాషర్లనీ మెత్తబరుస్తుంది. గాలిలో తేమ పీల్చుకుంటుంది. మన తేమకి ఇది మరీ ఇబ్బంది. కాబట్టి బాగు చేయించేటప్పుడే పైపులు, సీళ్లు కొత్తవి వేయించాలి. కార్బురేటర్‌లో జెట్టు సరి చూపించాలి. నెలల తరబడి నిలిపేస్తే కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టాలి.

ఆర్‌ఎక్స్‌లో 2టీ ఆయిల్‌కి విడిగా పంపు ఉంటుంది. చాలా బండ్లకి దాన్ని పీకేశారు. అలాంటప్పుడు పెట్రోలులోనే కలపాలి. యాభైకి ఒకటి పాళ్లలో అయితే లీటరుకి 20 మిల్లీలీటర్లు. మర్చిపోయి ఒక్క ట్యాంకు నడిపినా ఇంజిన్ పోతుంది. వీలైతే పంపు మళ్లీ పెట్టించడమే క్షేమం.

మార్పులు: ఏది తప్పు, ఏది ఒప్పు

అరిగిన సామాను స్థానంలో అలాంటిదే వేయడం బాగుచేత. ఆర్‌సీలో రాసినదానికి విరుద్ధంగా మార్చడం నేరం. చట్టంలోని 52వ సెక్షన్ చెప్పేది ఇదే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన అసలు రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని స్పష్టం చేసింది. 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

ఆర్‌ఎక్స్ 100 చాసిస్‌లో 135 ఇంజిన్ పెట్టడం కుర్రాళ్లలో మామూలు. నంబరూ మారుతుంది, సీసీ కూడా మారుతుంది. అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీతో చిక్కు. రంగు కూడా ఆర్‌సీలో ఉంటుంది, మార్చితే రాయించుకోవాలి.

మోత సైలెన్సర్లకి 190వ సెక్షన్ ఉంది. మొదటిసారికే 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. పోలీసులు అలాంటి సైలెన్సర్లని పీకి రోడ్డు రోలర్ల కింద తొక్కిస్తున్నారు. అసలు సైలెన్సర్ ఒకసారి పోతే మళ్లీ అలాంటిది దొరకడం గగనం.

పొల్యూషన్ సర్టిఫికెట్ విషయంలో పాత బండికి పాత కొలతలే. 2000 మార్చి 31కి ముందు తయారైన టూవీలర్‌కి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం దాకా ఒప్పుకుంటారు. ఇంజిన్ సరిగ్గా చేసిన ఆర్‌ఎక్స్ ఇది దాటగలదు. ఆరు నెలలకోసారి చేయించాలి.

థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ దాకా ఏడాదికి 714 రూపాయలు, పన్ను అదనం. ఆ మాత్రం డబ్బు మిగుల్చుకుని, ఎవరికైనా తగిలితే లక్షలు కట్టాల్సి రావడం ఏ లెక్కకీ అందదు.

ఇంటి బడ్జెట్టు

కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి. ఒకటి కాగితాల బాకీ, రెండోది ఇంజిన్, బ్రేకుల పని, మూడోది నికెల్, రంగు. మొత్తం 60,000 వస్తే ఇంకో 12,000 పక్కన పెట్టుకోండి. పాత బండి విప్పాక ఏదో ఒకటి బయటపడక మానదు. డబ్బు చాలకపోతే మూడో గడి ఆపాలి, రెండోది కాదు. వడ్డీకి తెచ్చి ముచ్చట తీర్చుకోవడం దీన్ పరంగానూ తప్పే, లెక్క పరంగానూ నష్టమే. బండి విలువ పెరగొచ్చు, పెరక్కపోవచ్చు. వడ్డీ మాత్రం పెరగడం ఖాయం.

సొంతానికి వాడుకునే బండి మీద జకాత్ లేదు. కొని, బాగు చేసి, అమ్మే వ్యాపారం పెట్టుకుంటే మాత్రం అమ్మకానికి ఉన్న బండ్లు సరుకు కిందకి వస్తాయి, జకాత్ లెక్కలో చేరతాయి.

కుర్రాళ్ల సంగతి

తల్లిదండ్రుల అసలు భయం డబ్బు గురించి కాదు. ఆర్‌ఎక్స్ యాక్సిలరేటర్ తిప్పగానే ఎగిరిపడుతుంది. దాని బ్రేకులు మాత్రం 1985 నాటి డ్రమ్ములే. షబ్-ఎ-బరాత్ రాత్రి హైదరాబాద్‌లో పోలీసులు ఫ్లైఓవర్లు మూసేసేది బండ్ల పందేల భయంతోనే. జాగారం చేసి దువా చేసుకోవాల్సిన రాత్రి ఆసుపత్రి గుమ్మంలో తెల్లవారిన ఇళ్లున్నాయి. లైసెన్సు లేని పిల్లాడికి తాళం ఇస్తే కేసు తండ్రి మీద పడుతుంది. హెల్మెట్ కొనకుండా బండికి రంగు వేయించడం తలకన్నా ట్యాంకుకి ఎక్కువ విలువ ఇచ్చినట్టు.

ఇదే మోజుని మంచి వైపు కూడా మళ్లించవచ్చు. టూ స్ట్రోక్ పని బాగా తెలిసిన ఉస్తాద్‌లు పెద్దవాళ్లైపోతున్నారు. వాళ్లలో మనవాళ్లు చాలామందే. శబ్దం విని లోపం చెప్పే ఆ చెయ్యి వాళ్లతోనే పోయేలా ఉంది. చదువు పూర్తయిన కుర్రాడు సెలవుల్లో షెడ్డులో కూర్చుని ఒక ఇంజిన్ విప్పి బిగించడం నేర్చుకుంటే అది రేపు పూటకి పనికొచ్చే విద్య. 14 ఏళ్లలోపు పిల్లల్ని మాత్రం పనిలో పెట్టకూడదు, అది నేరం.

బండి బయటికి తీసే ముందు ఇంట్లో అందరూ కూర్చుని నాలుగు విషయాలు తేల్చుకుంటే చాలు. ఆర్‌సీ ఎవరి పేరు మీద ఉంది, ఎవరెవరికి వాటా ఉంది, ఎంత ఖర్చు పెట్టగలం, ఎవరు నడుపుతారు. ఈ నాలుగింటికీ జవాబు దొరికితే ఉస్తాద్ దగ్గరికి వెళ్లండి. దొరక్కపోతే ఇంకొన్నాళ్లు ఆగండి. నలభై ఏళ్లు నిలిచిన బండికి ఇంకో ఆర్నెల్లు లెక్క కాదు.